కరివేపాకు మీద పెరిగే కందిరీగ

నిమ్మ, బత్తాయి, నారింజ చెట్లను పీడించే సిల్లా పురుగును అదుపు చేసే ప్రాణుల్లో ముఖ్యమైనది ఒక కందిరీగ. పేరు టామరిక్సియా రేడియాటా. పేరు పెద్దది, ప్రాణి మాత్రం చాలా చిన్నది. ఆవగింజ పక్కన పెడితే ఆవగింజే పెద్దదిగా కనిపిస్తుంది. నల్లని ఒళ్లు, పొట్ట మీద లేత పసుపు మచ్చ, గాజులాంటి రెక్కలు. ఇది తుట్టె కట్టదు, మనుషులను కుట్టదు. సిల్లా ఉన్న చోటే దాని బతుకు. సిల్లా లేకపోతే దానికి సంతానమే లేదు.

ముందు సిల్లా సంగతి. రెక్కలొచ్చిన సిల్లా మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించదు. రెక్కల మీద గోధుమ రంగు మచ్చలుంటాయి. ఆకు మీద కూర్చున్నప్పుడు తల కిందికి వంచి, వెనక భాగం పైకెత్తి, ఏటవాలుగా కూర్చుంటుంది. ఆ భంగిమ చూసి చాలామంది దాన్ని గుర్తుపడతారు. సిల్లా గుడ్లు పెట్టేది లేత చిగురులోనే. ఇంకా విప్పుకోని చిగురాకుల మడతల్లో పసుపు రంగు గుడ్లు పెడుతుంది. ముదురాకు దానికి పనికిరాదు. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగు చిగురును అంటిపెట్టుకొని రసం పీలుస్తుంది. అయిదు దశలు పెరిగి, అయిదోసారి పొర విడిచాక రెక్కల పురుగవుతుంది.

లేత చిగురు ఉంటేనే సిల్లా గుడ్డు. ఈ ఒక్క మాట శ్రోతలు గుర్తుంచుకుంటే చాలు, కందిరీగల పెంపకం మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

రసం పీల్చినంత మాత్రాన సిల్లాకు ఇంతగా భయపడనక్కర్లేదు. అసలు భయం అది మోసుకొచ్చే బ్యాక్టీరియా గురించి. ఆ బ్యాక్టీరియా చెట్టులో ఆహారం ప్రవహించే నాళాల్లో చేరి గ్రీనింగ్ తెగులు తెస్తుంది. ఆకు మీద ఒక పక్క ఒకలా, మరో పక్క ఇంకోలా పసుపు మచ్చలు పడతాయి. కాయ చిన్నదై, వంకర తిరిగి, అడుగున పచ్చగానే ఉండిపోతుంది. రసం చేదెక్కుతుంది. కొన్నేళ్లలో చెట్టు ఎండిపోతుంది. తెగులు సోకిన చెట్టును తిరిగి ఆరోగ్యంగా నిలబెట్టే మందు లేదు. అందుకే రోగాన్ని ఆపాలంటే సిల్లాను ఆపాలి. ఒక పెద్ద తోట యజమాని మందు కొట్టి ఆపుకోవచ్చు. ఊళ్లో ప్రతి ఇంటి పెరట్లో ఉన్న నిమ్మచెట్టుకు ఏడాది పొడవునా మందు కొట్టేదెవరు? కందిరీగ అవసరం అక్కడ మొదలవుతుంది.

టామరిక్సియా పని తీరు దగ్గరి నుంచి చూడదగ్గది. ఆడ కందిరీగ చిగురు మీద నడుస్తూ పిల్ల పురుగులను మీసాలతో తడుముతుంది. నాలుగో దశలోనో అయిదో దశలోనో ఉన్న పిల్ల పురుగు దొరికితే దాని పొట్ట కిందికి గొట్టం చొప్పించి, కాళ్ల దగ్గర ఒక గుడ్డు అంటిస్తుంది. గుడ్డు పురుగు ఒంట్లోకి పోదు, బయటే ఉంటుంది. రెండు రోజుల్లో గుడ్డు పగిలి, బయటికొచ్చిన లార్వా పిల్ల పురుగు అడుగున అతుక్కొని దాని ఒంటి ద్రవాన్ని పీలుస్తుంది. పిల్ల పురుగు మెల్లగా నీరసించి చచ్చిపోతుంది. ఎండిన ఒంటిని లార్వా దారాలతో ఆకుకు అంటిస్తుంది. ఆ డొల్ల కింద కోశదశ గడిపి, పైభాగంలో, తలకు దగ్గరగా, గుండ్రని రంధ్రం కొరుక్కొని కొత్త కందిరీగ బయటికొస్తుంది. 25 డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి కందిరీగ దాకా సుమారు 12 రోజులు.

ఒక పిల్ల పురుగు నుంచి ఒక్క కందిరీగే వస్తుంది. గుడ్డు పెట్టడానికి పనికిరాని చిన్న పిల్ల పురుగులను కూడా ఆడ కందిరీగ వదలదు. వాటిని పొడిచి, కారిన ద్రవాన్ని తాగుతుంది. గుడ్లు తయారు కావడానికి ఆ ఆహారం దానికి కావాలి. అంటే ఒకే కందిరీగ రెండు రకాలుగా సిల్లాను చంపుతుంది. పెద్ద పిల్లలను సంతానానికి వాడుకుంటుంది, చిన్న పిల్లలను తానే తింటుంది. ఇలా మరో పురుగు మీద పెరిగి దాన్ని చంపే కీటకాలనే వ్యవసాయంలో బదనికలంటారు. చెరకు, వరి రైతులకు తెలిసిన ట్రైకోగ్రామా కూడా బదనికే. అది పురుగు గుడ్డు మీద బతుకుతుంది, ఇది పిల్ల పురుగు మీద బతుకుతుంది.

ఈ కందిరీగ భారత ఉపఖండానిదే. అవిభక్త పంజాబులోని ల్యాల్‌పూర్‌లో నిమ్మచెట్ల సిల్లా మీద దొరికిన నమూనాలను చూసి వాటర్‌స్టన్ అనే శాస్త్రవేత్త 1922లో దీన్ని మొదటిసారి వర్ణించాడు. ఆ ల్యాల్‌పూరే నేటి పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్. 1927లో హుసేన్, నాథ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పంజాబు సిల్లా మీద వివరమైన గ్రంథం వెలువరించారు. నేటికీ సిల్లా మీద పరిశోధన చేసేవారు దాన్ని తిరగేయక తప్పదు.

1978లో భారత్ నుంచి ఈ కందిరీగను హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి తీసుకెళ్లారు. అక్కడ సిల్లా బాగా తగ్గింది. దీనికి ఒక కారణముంది. సిల్లా మీద కందిరీగ బతికినట్లే, ఆ కందిరీగ మీద బతికే ఇతర కందిరీగలు కూడా ఉంటాయి. బదనిక మీద బదనికలన్నమాట. ఉపఖండంలో అవి చాలా ఉన్నాయి. దీవికి వెళ్లిన టామరిక్సియా వెంట అవి వెళ్లలేదు. శత్రువు బెడద తప్పడంతో అక్కడ టామరిక్సియా నిశ్చింతగా పెరిగింది. ఫ్లోరిడాలో కూడా ఈ కందిరీగను వదిలారు, కానీ అక్కడ అంత ఫలితం రాలేదు. కాబట్టి ఒక చోట పనిచేసింది కదా అని ప్రతి చోటా పనిచేస్తుందనుకోవడం పొరపాటు.

కాలిఫోర్నియాలో సిల్లా 2008లో కనిపించింది. గ్రీనింగ్ సోకిన మొదటి చెట్టు 2012లో లాస్ ఏంజెలెస్ దగ్గరి హసియెండా హైట్స్‌లో, ఒక ఇంటి పెరట్లో బయటపడింది. కానీ కందిరీగ పని అంతకుముందే మొదలైంది. రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మార్క్ హాడిల్ 2010, 2011 సంవత్సరాల్లో పాకిస్తాన్ పంజాబుకు వెళ్లి, ఫైసలాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో నిమ్మతోటల్లో టామరిక్సియా పట్టిన పిల్ల పురుగులను సేకరించాడు. పంజాబునే ఎందుకు ఎంచుకున్నారంటే, అక్కడి ఎండలు, చలి కాలిఫోర్నియాలో నిమ్మజాతి తోటలున్న లోయ వాతావరణానికి దగ్గరగా ఉంటాయి. పుట్టిన ఊరి వాతావరణమే కొత్త ఊళ్లోనూ దొరికితే ప్రాణి నిలదొక్కుకుంటుంది.

తెచ్చిన కందిరీగలను వెంటనే వదల్లేదు. గాలి కూడా వడకట్టుకొని పోయే క్వారంటైన్ గదుల్లో ఉంచారు. వాటి వెంట వచ్చిన బదనిక మీద బదనికలను ఏరి తీసేశారు. అమెరికాలో సహజంగా ఉండే, ఎవరికీ హాని చేయని సిల్లా జాతుల మీద కూడా దీన్ని వదిలి, వాటిని పాడుచేస్తుందేమో పరీక్షించారు. అన్ని అనుమతులూ వచ్చాక 2011 డిసెంబరులో రివర్‌సైడ్‌లో మొదటి విడత వదిలారు.

ఇక పెంపకం. కందిరీగను పెంచడమంటే ఒక్క కందిరీగను పెంచడం కాదు. మొదట మొక్క, మొక్క మీద సిల్లా, సిల్లా మీద కందిరీగ. మూడు పెంపకాలు. ఒకదాని వెనక ఒకటి, రోజులు లెక్క చూసుకొని నడవాలి. వీటిలో ఏ ఒక్కటి ముందు వెనకలైనా మిగతా రెండూ ఆగిపోతాయి.

మొదటి పెంపకం మొక్కది. దానికి కాలిఫోర్నియాలో ఎక్కువగా ఎంచుకున్న మొక్క కరివేపాకు. ప్రతి తెలుగింటి పెరట్లో ఉండే అదే కరివేపాకు. నిమ్మ, కరివేపాకు ఒకే కుటుంబానికి చెందినవి. సిల్లా రెండింటి మీదా హాయిగా పెరుగుతుంది. కానీ గ్రీనింగ్ బ్యాక్టీరియా కరివేపాకులో నిలవదు. ఇదే అసలు సౌకర్యం. నిమ్మమొక్క మీద లక్షల సిల్లాలను పెంచితే, వాటిలో ఎక్కడో తెగులు దాగి ఉండే ప్రమాదముంది. కరివేపాకు మీద పెంచితే ఆ భయం పోతుంది. కరివేపాకుకు మరో మంచి గుణం కూడా ఉంది. కొమ్మ కత్తిరిస్తే చాలు, కత్తిరించిన చోటి కింద గుబురుగా చిగురు వేస్తుంది. వంటకు రోజూ రెబ్బలు తుంచే గృహిణికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

గింజ విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. కరివేపాకు గింజ ఎండిపోతే మొలవదు. పండు నల్లబడగానే గుజ్జు తీసి, కొద్ది రోజుల్లోనే నాటాలి. మొలిచిన మొక్కలను కుండీల్లో పెంచి, తగిన ఎత్తు వచ్చాక వంతులవారీగా కత్తిరిస్తారు. అన్నీ ఒకేసారి కత్తిరించరు. ఈ వారం కొన్ని, వచ్చే వారం కొన్ని. అప్పుడే ప్రతి వారమూ ఏవో కొన్ని మొక్కల మీద సరైన చిగురు సిద్ధంగా ఉంటుంది. బత్తాయి రైతు తోటకు నీళ్లు ఆపి, వాడబెట్టి, మళ్లీ నీళ్లిచ్చి ఒక్కసారిగా పూత, చిగురు తెప్పిస్తాడు. కందిరీగల పెంపకంలో అలా ఒక్కసారిగా రాకూడదు. చిగురు ఏడాది పొడవునా వస్తూనే ఉండాలి.

రెండో పెంపకం సిల్లాది. చిగురు పట్టిన మొక్కలను సన్నని వల పంజరంలో పెట్టి, రెక్కల సిల్లాలను వదులుతారు. అవి కొన్ని రోజులు గుడ్లు పెట్టాక వాటిని తీసేయాలి. ఎక్కువ రోజులు ఉంచితే అన్ని వయసుల పిల్లలూ కలగాపులగమవుతాయి. కందిరీగకు కావలసినవి నాలుగో, అయిదో దశ పిల్లలు. చిన్నవి ఇస్తే తినేస్తుంది, గుడ్డు పెట్టదు. మరీ ముదిరినవి ఇస్తే గుడ్డు పడేలోగా రెక్కలొచ్చి ఎగిరిపోతాయి. అందుకే గుడ్లన్నీ ఇంచుమించు ఒకే కాలంలో పడేట్టు చూస్తారు. అప్పుడు పిల్లలన్నీ ఒకే ఈడువవుతాయి.

చిగురు మీద ఎన్ని సిల్లాలు ఉండాలన్నది అనుభవం మీద తెలిసే విషయం. మరీ ఎక్కువైతే చిగురు వడలి ముడుచుకుపోతుంది. పిల్ల పురుగులు విడిచే తేనెబంక ఆకులంతా పరుచుకుంటుంది. దాని మీద నల్లని మసి తెగులు పడుతుంది. చిన్న కందిరీగలు ఆ బంకలో కాళ్లు అంటుకొని చస్తాయి. మరీ తక్కువైతే ఒకే పిల్ల పురుగు మీద రెండు మూడు గుడ్లు పడి, అన్నింటికీ తిండి చాలక ఒక్కటే బతుకుతుంది. కిక్కిరిసినా నష్టమే, పలచబడినా నష్టమే.

మూడో పెంపకం కందిరీగది. సరైన ఈడు పిల్ల పురుగులున్న మొక్కలను మరో గదిలోని పంజరంలో పెట్టి, అక్కడ కందిరీగలను వదులుతారు. వేడి 25 నుంచి 27 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. పంజరం గోడకు సన్నగా తేనె పూస్తారు. ఆడ, మగ ఒకటి రెండు రోజులు కలిసి ఉండేలా ముందే చూసుకోవాలి. కారణం విచిత్రమైనది. మగదానితో కలవని ఆడ కందిరీగ కూడా గుడ్లు పెడుతుంది, కానీ వాటిలోంచి మగవే పుడతాయి. కలిసిన తరువాత పెట్టే గుడ్లలోంచే ఆడవి వస్తాయి. తోటలో సిల్లాను చంపేది ఆడ కందిరీగే. మగవి ఎన్ని పుట్టినా పిల్ల పురుగుకు భయం లేదు.

పన్నెండు రోజుల తరువాత డొల్లల్లోంచి కొత్త కందిరీగలు బయటికొస్తాయి. వెలుతురు వైపు పోవడం వాటి స్వభావం. చీకటి పెట్టెలో ఒక మూల వెలుతురు చూపిస్తే అటు చేరతాయి. అక్కడ సన్నని గొట్టంతో పీల్చి గాజు సీసాల్లోకి చేరుస్తారు. సీసాలో కూడా తేనె చుక్క తప్పనిసరి. ఎన్ని వచ్చాయి, ఆడవెన్ని, ఎన్ని చురుగ్గా ఎగురుతున్నాయి, ఎన్నాళ్లు బతుకుతున్నాయి అన్నది విడత విడతకూ చూస్తారు. లెక్క పెరిగి బలం తగ్గితే ఆ పెంపకం వల్ల తోటకు ప్రయోజనం లేదు.

ఈ మూడు గదులూ వేరువేరుగా ఉండాలి. కందిరీగ ఒక్కటి పొరపాటున సిల్లా గదిలోకి చేరినా కొన్ని వారాల్లో సిల్లా పెంపకం కూలిపోతుంది. అందుకే పనివాళ్లు రోజూ మొదట మొక్కల గదిలో పని చూసుకుంటారు. తరువాత సిల్లా గది, అన్నింటికన్నా చివర కందిరీగల గది. ఆ వరస తిరగబడకూడదు. కందిరీగల గదిలో పనిచేసిన బట్టలతో వెనక్కి వచ్చి సిల్లా గదిలో అడుగు పెట్టకూడదు. మొక్కల మీద పేనుబంక, నల్లి పడితే పురుగు మందు కొట్టడానికీ వీల్లేదు, కొడితే కందిరీగకే ముప్పు. శుభ్రతే అక్కడ మందు.

తరతరాలుగా గదిలోనే పెంచితే మరో చిక్కు వస్తుంది. దగ్గరి రక్తసంబంధాల మధ్యే జత కట్టి జాతి బలహీనపడుతుంది. గది సుఖానికి అలవాటుపడి తోటలో ఎండకు, గాలికి నిలవలేకపోతుంది. దీన్ని తప్పించడానికి రివర్‌సైడ్‌లో పంజాబు నుంచి తెచ్చిన కందిరీగలను అన్నీ కలిపేయకుండా 17 వేరువేరు పాయలుగా పెంచారు. ఒక్కో పాయలో కొంత నష్టమైనా, అన్నింటిలో కలిపి చూస్తే మొదటి వైవిధ్యం నిలబడుతుంది. తోటలో వదిలే ముందు వాటిని కలిపి, కొత్త రక్తం చేరేట్టు చూశారు. ఎంతో ముందుచూపు ఉన్న పద్ధతి ఇది. ఈ జాగ్రత్త కొరవడితే పెంచిన కందిరీగలు బలం కోల్పోవచ్చు.

గదుల్లోనే కాక బయట కూడా పెంపకం సాగింది. ఒక నిమ్మచెట్టు మొత్తాన్ని పెద్ద వల గుడారంతో కప్పి, కొమ్మలు కత్తిరించి చిగురు తెప్పించి, సిల్లాను, తరువాత కందిరీగను లోపలే పెంచే పద్ధతి అది. పొమోనాలోని కాల్ పాలీ విశ్వవిద్యాలయంలో ఈ పెంపకాలు జరిగాయి. రాష్ట్ర వ్యవసాయ శాఖ కూడా సొంత కేంద్రాల్లో పెంచింది. దక్షిణ కాలిఫోర్నియాలో ఇంటింటి పెరట్లో ఉన్న నిమ్మ, నారింజ చెట్ల మీద సీసా మూత తీసి, కొమ్మల మధ్య ఉంచి, లక్షల కందిరీగలను వదిలారు. చిగురు మీద పిల్ల పురుగులున్న చెట్టును చూసి వదలాలి. లేత చిగురు లేని చెట్టు మీద వదిలితే వాటికి అక్కడ పనేమీ ఉండదు.

కాలిఫోర్నియాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ కథలో మరో పక్క సంబంధం ఉంది. కందిరీగను పెంచడానికి పనికొచ్చిన కరివేపాకే సిల్లాకు వాహనం కూడా. పచ్చి రెబ్బ మీద ఒక్క గుడ్డు, ఒక్క పిల్ల పురుగు కంటికి కనిపించకుండా ప్రయాణిస్తుంది. కరివేపాకులో బ్యాక్టీరియా నిలవకపోయినా, దాని మీద వాలిన సిల్లా అంతకుముందే ఏ తెగులు చెట్టు మీదో రసం తాగి ఉండవచ్చు. అందుకే భారత్ నుంచి పచ్చి కరివేపాకును సామానులో అమెరికాకు తీసుకెళ్లడం నిషేధం. అక్కడ సిల్లా క్వారంటైన్ ఉన్న ప్రాంతాల్లో కరివేపాకు మొక్కను ఒక చోటి నుంచి మరో చోటికి తరలించకూడదు. అమ్మమ్మ పెరటి రెబ్బను సంచిలో దాచుకోవాలనే మమకారం అర్థం చేసుకోదగిందే. కానీ ఆ రెబ్బతో వెళ్లే పురుగు ఒక ఊరి చెట్లన్నింటికీ ముప్పు తెస్తుంది.

కందిరీగలను వదిలాక అందరూ అనుకున్నట్టు సాఫీగా సాగలేదు. అడ్డు వచ్చింది చీమ. అర్జెంటీనా చీమ అనే పరదేశి చీమ కాలిఫోర్నియా తోటల నిండా ఉంది. దానికి సిల్లా పిల్లలు విడిచే తేనెబంక కావాలి. బంక కోసం అది పిల్ల పురుగుల చుట్టూ కాపలా తిరుగుతుంది. గుడ్డు పెట్టడానికి వచ్చిన కందిరీగను తరిమేస్తుంది. చీమలను అదుపు చేసిన చెట్ల మీద కందిరీగ పట్టిన పిల్ల పురుగులు బాగా ఎక్కువగా కనిపించాయి. చీమలున్న చెట్ల మీద చాలా తక్కువ. దాంతో చీమల మీద కూడా పని మొదలైంది. చక్కెర నీళ్లలో అతి స్వల్పంగా మందు కలిపి, ఆ నీటిని పీల్చుకున్న మెత్తని జిగురు గోళీలను చెట్ల కింద చల్లారు. చీమలు ఆ తీపిని పుట్టకు మోసుకుపోతాయి. మందు చెట్టు మీద పడదు, కందిరీగకు తగలదు.

తెలుగు ప్రాంతాల్లో పరిస్థితి వేరు. ఇక్కడ కందిరీగను విదేశం నుంచి తేనక్కర్లేదు. నిమ్మజాతి తోటలకు సిల్లా పాత పురుగు, టామరిక్సియా ఈ ఉపఖండంలోనే ఉంది. దానికి తోడుగా మరో బదనిక కందిరీగ కూడా ఉంది. దాని పేరు డయాఫోరెన్‌సిర్టస్ అలీగఢెన్సిస్, అలీగఢ్ ఊరి పేరు మీదుగా వచ్చింది. తోటలో ఏది పనిచేస్తున్నదో కనిపెట్టడం కష్టం కాదు. చిగురాకు తిప్పి, భూతద్దంతో చూస్తే, గోధుమ రంగులో ఉబ్బి ఎండిన పిల్ల పురుగులు ఆకుకు అతుక్కొని కనిపిస్తాయి. రంధ్రం తల వైపు ఉంటే బయటికొచ్చింది టామరిక్సియా. పొట్ట వైపు ఉంటే రెండోది. రంధ్రం ఇంకా లేకపోతే కందిరీగ లోపలే ఉంది.

అలాంటి డొల్లలు చాలా కనిపించే తోటలో అప్పటికప్పుడు మందు కొడితే సిల్లా కన్నా కందిరీగకే ఎక్కువ దెబ్బ. చాలా రకాల పురుగు మందులు రెక్కల కందిరీగను చంపుతాయి. సిల్లా మళ్లీ త్వరగా పుంజుకుంటుంది, కందిరీగ అంత త్వరగా పుంజుకోదు. తప్పనిసరిగా కొట్టాల్సి వస్తే, చెట్టు చిగురు లేకుండా నిద్రలో ఉన్న కాలంలో, రెక్కల సిల్లాలు మాత్రమే ఉన్నప్పుడు కొడితే కందిరీగకు జరిగే నష్టం తక్కువ. ఒకటి మాత్రం స్పష్టంగా ఉండాలి. టామరిక్సియా సిల్లాను తగ్గిస్తుంది, పూర్తిగా తుడిచిపెట్టదు. అప్పటికే గ్రీనింగ్ సోకిన చెట్టుకు అది చేయగలిగిందేమీ లేదు. ఆ చెట్టును తీసేసి, తెగులు లేని నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను నాటాలి. కొత్త మొక్కకు చిగురు రాగానే సిల్లా వస్తుంది, సిల్లా వెనకే కందిరీగ వస్తుంది. ఆ మొదటి చిగురు మీద మందు కొట్టే ముందు ఆకు తిప్పి డొల్లలున్నాయేమో చూడాలి.